కాళ్లందని బండి

సీతాఫల్‌మండిలో రైలు పట్టాల పక్కన ఒక మెకానిక్ షెడ్డు ఉండేది. ఒక శనివారం పొద్దున ఆ షెడ్డు ముందు మూడు మోటారుసైకిళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. మూడూ రోడ్డు మీద కాక మట్టిలో, రాళ్లలో నడపడానికి తయారైనవే. వాటిలో ఒకటి మా అమ్మాయికి ఎంచిపెట్టడానికి వెళ్లాను. అమ్మాయి నా వెనక రెండడుగుల దూరంలో నిలబడింది.

అప్పటికి తనకు ఇరవై మూడేళ్లు. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. రోజూ ఏడున్నరకు మారేడ్‌పల్లిలో మా వీధి చివరికి కంపెనీ బస్సు వచ్చేది. తిరిగి ఎప్పుడు దించుతుందో చెప్పలేం. ఆదివారం ఒక్కటే తనది. ఆ ఆదివారాలు ఆఫీసువాళ్లు కొందరు యాప్రాల్ అవతల, రాయి తవ్వి వదిలేసిన క్వారీల్లో బండ్లు నడిపేవారు. మా అమ్మాయి వాళ్లతో చేరింది. ఏడాది తిరిగేసరికి వాళ్లదొక క్లబ్బయింది. పూణె దగ్గర జరిగే పోటీకి ఒక జట్టును పంపాలనుకున్నారు. అందులో ఒక ఆడపిల్లకు చోటు ఉంచారు. షరతు ఒక్కటే. మూడు వారాల తరవాత వచ్చే ఆదివారం, క్వారీలో ఆరు చుట్లు, నలభై నిమిషాల లోపల, ఎవరి చెయ్యీ తగలకుండా పూర్తి చెయ్యాలి. వేరే ఆడపిల్ల ఎవరూ పేరివ్వలేదు. ఎవరినీ గెలవక్కర్లేదు. పూర్తి చేస్తే చాలు, చోటు తనదే.

అంతవరకూ తను స్నేహితుల బండ్లు అడిగి తీసుకుని నేర్చుకుంది. మా ఇంటి పిల్ల వారం వారం ఒకరి బండి అడగడం నాకు నచ్చలేదు. సొంతంగా కొనుక్కో, నేను ఎంచిపెడతానన్నాను. జీతం తనది కాబట్టి కొనడం తన వంతు. ఎంచడం నా వంతు.

ఎంచడానికి నాకు అర్హత లేకపోలేదు. విజయనగరం అవతల మా తాతగారికి పన్నెండు ఊళ్లు ఉండేవి. నాకు జ్ఞానం వచ్చేనాటికి ఊళ్లు పోయి, మోటారు షెడ్డు మిగిలింది. అందులో రెండు కార్లు, నాలుగు మోటారుసైకిళ్లు, వాటిని చూసుకునే ఒక ముసలి డ్రైవరు ఉండేవారు. నా పద్నాలుగో ఏట ఆయన నా చేత ఒక ఇంజిన్ మొత్తం విప్పించి మళ్లీ బిగింపజేశాడు. సముద్రపొడ్డున ఇసుక దిబ్బల మీద ఆ నాలుగు బండ్లూ నడిపాను. తరవాత షెడ్డు కూడా పోయింది. నేను సికింద్రాబాదు వచ్చి, ఏ.ఎస్. రావు నగర్ వైపు ఒక వర్క్‌షాపులో స్టోర్స్ చూసే ఉద్యోగంలో చేరాను. కిటికీలోంచి నట్లు, బోల్టులు, బేరింగులు ఇచ్చే పని. అది చిన్న పని అని నేను అనుకోలేదు. అక్కడ నన్ను ఎవరూ నువ్వు అనలేదు. అననివ్వలేదు.

వస్తువు తీసుకోవడంలో మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. వర్తకుడు మూడు రకాలు తెచ్చి ముందు పరుస్తాడు. పెద్దవారు కూర్చున్న చోటి నుంచే ఒకటి చూపిస్తారు. అంతే. తడిమి చూడటం, తొడుక్కుని చూడటం, ఎక్కి చూడటం లేదు. అలా చేస్తే అమ్మేవాణ్ణి నమ్మనట్టూ, కొనేవాడికి వస్తువు తెలియనట్టూ లెక్క. చూపించాక మార్చడమూ లేదు. మా నాన్నగారు చెప్పులు కూడా అలాగే తీసుకున్నారు. కరిస్తే, ఆ కరిచే చెప్పులతోనే ఏడాది నడిచారు. ఒక్కనాడూ కుంటలేదు.

షెడ్డు ముందు ఉన్న మూడు బండ్లలో మొదటిది నూరు సీసీ టూ స్ట్రోక్. మామూలు రోడ్డు బండినే మెకానిక్ విప్పి, మట్టి టైర్లు వేసి, ముందు మడ్‌గార్డు పైకి ఎత్తి, హ్యాండిల్ వెడల్పు చేశాడు. రెండోది మిలిటరీ వేలంలో వచ్చిన మూడువందల యాభై సీసీ ఫోర్ స్ట్రోక్. మూడోది నాలుగువందల సీసీ ఫోర్ స్ట్రోక్, విదేశీ బండి. ఎవరో విదేశీ ఇంజనీరు ఇక్కడ పని ముగించుకుని వెళ్తూ అమ్మేసింది. సన్నగా, ఎత్తుగా, పొడుగు కాళ్ల గుర్రప్పిల్లలా ఉంది.

"సార్, ముందుగాల పాపను మూడింటి మీద జెర కూసుండబెట్టున్రి," అన్నాడు మెకానిక్. నా వయసువాడే. బనీను మీద నూనె మరకలు, చెవి వెనక పెన్సిలు. "కాల్లు కింద ఆనుతున్నయా లేదా సూస్తే సగం ముచ్చట అయిపోతది."

"అక్కర్లేదు. బండి సంగతి నాకు తెలుసు."

"బండి సంగతి మీకు తెలుసు సార్, నేను గాదన్న. పాప సంగతి బండికి తెల్వాలె గద?"

నేను ఇంజిన్ల గురించి చెప్పాను. అమ్మాయి కూడా వినాలని కాస్త వివరంగానే చెప్పాను. ఆ రోజు ఇంజిన్ల గురించి నేను చెప్పిన మాటల్లో ఒక్కటీ తప్పు కాదు. ఇవాళ కూడా అవే చెబుతాను.

టూ స్ట్రోక్‌లో పిస్టన్ ఒకసారి పైకి వెళ్లి దిగేసరికి ఒక పేలుడు అయిపోతుంది. ఫోర్ స్ట్రోక్‌లో రెండుసార్లు వెళ్లి దిగితే ఒకటి. అందుకే టూ స్ట్రోక్ చిన్నదైనా చురుకు. భాగాలు తక్కువ, బరువు తక్కువ. కానీ ఆ చురుకు మొదటి నుంచీ ఉండదు. కింద వేగంలో నిద్రపోతూ ఉంటుంది. ఒక స్థాయి దాటగానే ఒక్క ఉదుటున లేస్తుంది. అది ఎప్పుడు లేస్తుందో చేతికి తెలిసినవాడికి అంత సరదా బండి మరొకటి లేదు. తెలియనివాడి కింద నుంచి, వదులు రాళ్ల ఎత్తు మీద, అది జారి వెళ్లిపోతుంది. ఫోర్ స్ట్రోక్ అలా కాదు. కింద వేగంలోనే లాగుతుంది. థ్రాటిల్ ఎంత తిప్పితే అంతే ఇస్తుంది. ఎక్కుడులో క్లచ్ ముట్టుకోకుండా, దున్నపోతు బురదలోంచి లేచినట్టు నింపాదిగా ఎక్కుతుంది. కొత్తగా మట్టిలోకి దిగినవాళ్లకు అదే భరోసా. ఇక మిలిటరీ బండి కూడా ఫోర్ స్ట్రోకే గానీ ఇనప ముద్ద. అడవి దారుల్లో వారం రోజులు తిరిగే మనిషికి పనికొస్తుంది. గుంటలు దూకడానికి కాదు.

"గిదంతా కరెక్టే సార్," అన్నాడు మెకానిక్. "కానీ గా పెద్ద బండి సీటు ముప్పై ఏడు ఇంచుల ఎత్తు. కిక్కు కొట్టాల్నంటే ఎడమ కాలు నేల మీద గట్టిగుండాలె. సెల్ఫు లేదు దానికి. ఏమ్మా, నువ్వేమంటవ్?"

అమ్మాయి ఐదడుగుల ఒక అంగుళం. నన్ను చూసింది, తరవాత బండ్లను చూసింది. "నాన్నగారు చూస్తున్నారు కదా అన్నా," అంది.

నేను మూడోదాన్ని చూపించాను.

మెకానిక్ చెవి వెనక పెన్సిలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "దొరల లెక్క జేస్తిరి సార్," అన్నాడు. నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

మా అద్దె ఇంటి వరండాకు మూడు మెట్లు. బండిని రెండో మెట్టు పక్కన నిలబెడితే అమ్మాయి ఎక్కగలిగింది. ఎక్కి కూర్చున్నాక రెండు పాదాలూ గాలిలో ఉన్నాయి. ఒక పక్కకు పూర్తిగా జారి కూర్చుంటే ఎడమ బొటనవేలు నేలకు తగిలీ తగలనట్టు తగిలింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"పీటేసి ఎక్కించే బండి ఏం బండండీ? పెళ్లికూతురా అది?" అంది. "రేపు పోటీకి పీట కూడా పట్టుకెళ్తారా?"

"అలవాటవుతుంది," అన్నాను.

"దేనికి? దాని కాళ్లకా?"

కిక్కు కొట్టడం నేర్పాను. హ్యాండిల్ మీద చిన్న లీవరు ఉంటుంది. అది నొక్కితే సిలిండరులో ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు మెల్లగా తొక్కి పిస్టన్‌ను పై అంచు దాటించాలి. లీవరు వదిలి, కిక్కును మళ్లీ పైకి రానిచ్చి, అక్కణ్ణుంచి కింది దాకా ఆపకుండా ఒకే తొక్కు తొక్కాలి. మధ్యలో కాలు తడబడితే ఇంజిన్ ఎదురు తంతుంది. తన బరువు నలభై ఎనిమిది కిలోలు. మెట్టు మీద ఎడమ కాలు ఆనించి తొక్కినప్పుడు నాలుగుసార్లకు ఒకసారి స్టార్ట్ అయ్యేది. మెట్టు లేని చోట, కాలికి ఆనేది లేక, తొక్కు సగంలో ఆగేది. మొదటి వారంలోనే ఎదురు తన్ను తగిలి కుడి కాలి ముందు ఎముక మీద కోడిగుడ్డంత వాచింది. మర్నాడు పొద్దున కంపెనీ బస్సు దాకా తను నడిచిన తీరు చూశాను. కుంటలేదు.

నడిచేటప్పుడు మాత్రం బండి నేను చెప్పినట్టే ఉంది. ఆదివారం తెల్లవారగానే క్వారీకి వెళ్లేవాళ్లం. ఒకసారి కదిలాక తను అద్భుతంగా నడిపింది. నిలబడి, మోకాళ్లతో ట్యాంకు పట్టుకుని, రాళ్ల మీదుగా తాపీగా ఎక్కేది. చిక్కంతా ఆగినప్పుడే. ఆగాలంటే ముందుగా ఏదో ఒక బండరాయి వెతుక్కుని, దాని పక్కకు చేరి, దాని మీద కాలు పెట్టేది. రాయి లేకపోతే పడిపోయేది. లేచి, దులుపుకుని, బండి లేపి, రాయి దాకా తోసుకెళ్లేది.

రెండో వారం మెకానిక్ తనంతట తనే ఇంటికి వచ్చాడు. సీటు విప్పి లోపలి ఫోమ్ కోశాడు. వెనక స్ప్రింగు వదులు చేశాడు.

"రెండు ఇంచులు తగ్గించిన. ఇంకా కోస్తే రేకు మీద కూసున్నట్టే," అన్నాడు. తరవాత నన్ను గేటు దగ్గరికి తీసుకెళ్లి, "సార్, గా చిన్న బండి ఇంకా నా తాననే ఉన్నది. మార్చుకుందాం. పరేషాన్ గాకున్రి, నేనేం అనుకోను," అన్నాడు.

"ఒకసారి ఇంటికొచ్చింది తిరిగి కొట్టుకు పోదు."

"గదేం ముచ్చట సార్? నా దుకాణంల రోజుకు రెండు పోతయ్, రెండొస్తయ్. బండ్లకు పట్టింపు లేదు."

"మాకుంది."

అమ్మాయి వరండాలో కూర్చుని కిరోసిన్ గుడ్డతో గొలుసు తుడుస్తోంది. ఈ మాటలు వినబడనంత దూరం కాదు. తల ఎత్తలేదు. గొలుసులో ఒకే లింకును చాలాసేపు తుడిచింది.

ఆ లింకు నన్ను వదల్లేదు. క్వారీ పోటీ ఇంకా పది రోజులుందనగా, గురువారం సాయంత్రం, స్టోర్స్ మూసి బస్సెక్కి, మెట్టుగూడలో దిగి సీతాఫల్‌మండికి నడిచాను. దారిలో ఒక వాక్యం తయారుచేసుకున్నాను. "ఇంకో బండి కూడా ఇంట్లో ఉంటే బాగుంటుందని అమ్మాయి అంటోంది," అన్నది ఆ వాక్యం. రైలు గేటు వేసి ఉంటే ఆగాను. గూడ్సు పోయేంతసేపూ దాన్ని మార్చి మార్చి చూశాను. చివరికి, "మారుస్తారా" అన్న ఒక్క మాటే మిగిలింది.

షెడ్డు ముందు మిలిటరీ బండి ఒక్కటే ఉంది.

"నిన్ననే పోయింది సార్," అన్నాడు మెకానిక్ నేను అడగక ముందే. "ఎవడో సాఫ్ట్‌వేరాయన. ఆరడుగుల మీదున్నడు. చిన్న బండెక్కితే మోకాల్లు హ్యాండిల్‌కు తాకుతున్నయ్. వద్దు తమ్మీ, నీకు సరిపోదన్న. ఇంటడా? ఆదివారం సరదాకంట. మీ బండి గాయనకు, గాయన బండి మన పాపకు. గట్లుండె లెక్క."

"అడగగలరా?" అన్నాను. నా జీవితంలో ఒక వస్తువు మార్చి ఇమ్మని అడగడం అదే మొదలు.

మెకానిక్ అప్పుడే కొన్న సెల్‌ఫోను తీసి, నా ముందే మాట్లాడాడు. ఇటు ఆయన మాటలే వినబడ్డాయి. "అన్నా, పెద్ద బండి, బాహర్ దేశంది, మంచిగుంటది... అవును... పాపకు పోటీ ఉన్నది... అవునవును... సరే, సరే." ఫోను జేబులో పెట్టుకుని నా వైపు చూడకుండా, "నిన్ననే దాని మీద స్టిక్కర్లు గిట్ల ఏయించిండంట. అంకుల్‌కు సారీ చెప్పమన్నడు," అన్నాడు. ఒక స్టూలు తుడిచి నా ముందు పెట్టాడు. "చాయ్ తాగున్రి సార్."

కూర్చోలేదు. ఇంట్లోనూ చెప్పలేదు.

పోటీ రోజు క్వారీ చుట్టూ తాడు కట్టారు. తాడు ఇవతల మేం, అవతల బండ్లు. తాడు దాటి ఎవరు చెయ్యి వేసినా ఆ బండి పోటీలోంచి పోయినట్టే. ట్రాక్ మీద వెనక్కి తిరిగి వెళ్లడమూ కుదరదు. మెకానిక్ కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. బయలుదేరే చోట అమ్మాయి ముందే ఒక రాయి చూసుకుని, దాని పక్కన బండి పెట్టుకుంది. రెండో కిక్కుకు స్టార్ట్ అయింది.

మొదటి నాలుగు చుట్లు చెప్పుకోదగ్గవి. మూడో మలుపు తరవాత నిలువుగా ఒక ఎక్కుడు ఉంది. అంతా గులకరాళ్లు. టూ స్ట్రోక్ కుర్రాళ్లు అక్కడికి రాగానే గీపెట్టుకుంటూ, వెనక చక్రం తిరిగి తిరిగి, పొగలో పక్కకు జారేవారు. మా అమ్మాయి బండి గుడుగుడుమంటూ వాళ్ల మధ్యలోంచి పైకి వెళ్లిపోయింది. జెండా పట్టుకున్న క్లబ్బు కుర్రాడు నా వైపు తిరిగి, "అంకుల్, బండి మస్తు లాగుతుంది! ఎవరు సెలెక్ట్ చేసింది?" అని అరిచాడు. నేను తల ఊపాను. ఆ నాలుగు చుట్ల సేపూ నాకు ఇంకేమీ గుర్తు లేదు.

ఐదో చుట్టులో, అదే ఎక్కుడు మీద, తన ముందు వెళ్తున్న కుర్రాడు అడ్డంగా పడిపోయాడు. దారి సన్నం. తను ఆగక తప్పలేదు. ఆగి, ఎడమ కాలు కిందికి చాపింది. అక్కడ నేల లేదు. బండి నెమ్మదిగా, నిలబడ్డ నిచ్చెన ఒరిగినట్టు, పల్లం వైపు ఒరిగింది. తనూ దానితో వెళ్లింది. ఇంజిన్ ఆగిపోయింది.

మొదట పడ్డ కుర్రాడు లేచి, కిక్కు కొట్టుకుని వెళ్లిపోయాడు. అమ్మాయి లేచింది. నూట ఇరవై కిలోల బండి. మొదటిసారి సగం లేపి వదిలేసింది. రెండోసారి నడుము ఆనించి లేపింది. అప్పటికి ఇంకా పద్నాలుగు నిమిషాలున్నాయి. రెండు చుట్లకు అవి ఎక్కువ.

బండి అలా పడినప్పుడు కార్బురేటర్ పొంగి సిలిండరు పెట్రోలుతో తడిసిపోతుంది. లీవరు నొక్కిపట్టి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఏడెనిమిదిసార్లు ఊరికే తొక్కితే అది బయటికి పోతుంది. తరవాత థ్రాటిల్ మూసేసి, మామూలుగా ఒక తొక్కు. నాకు తెలుసు. నాకూ తనకూ మధ్య ఇరవై గజాల దూరం, ఒక తాడు. పదిమందిలో గొంతెత్తడం మా ఇంట్లో లేదు. ఆ రోజు ఎత్తాను. "లీవరు నొక్కు! థ్రాటిల్ తెరువు!" పక్కనుంచి పోతున్న బండ్ల రొదలో నా గొంతు నాకే సరిగ్గా వినబడలేదు. కానీ తను అదే చేస్తోంది. నేను అరవక ముందే మొదలుపెట్టింది. నేర్పింది నేనే కదా.

లోపం అక్కడ లేదు. పెట్రోలు బయటికి పోయాక, ఆ చివరి ఒక్క తొక్కుకు, ఎడమ కాలి కింద నేల కావాలి. బండిని గట్టుకు ఆనించి తొక్కింది. బండి జారింది. సీటు దిగి, పక్కన నిలబడి, చేతులతో హ్యాండిల్ పట్టుకుని కుడి కాలితో తొక్కింది. బలం చాల్లేదు. ఇంజిన్ ఎదురు తన్నింది. కాలు పట్టుకుని ఒక్క క్షణం వంగింది, మళ్లీ నిటారుగా లేచింది.

"రాయి జూడు బిడ్డా! రాయి, రాయి!" అని మెకానిక్ అరుస్తున్నాడు. ఆ ఎక్కుడు మీద ఉన్నవన్నీ గులకలు. కాలు పెడితే దొర్లిపోయేవి.

కిక్కులు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో వదిలేశాను. తాడు నా రొమ్ముకు బిగుసుకుని ఉంది. నేనే దాని మీదికి వాలానని తరవాత తెలిసింది. ఒక్క అడుగు వేసి ఆ బండిని పట్టుకుంటే ఎముకకు ఇంకో దెబ్బ తగలదు, పూణె పోతుంది. వెయ్యకపోతే పూణె ఉంటుందేమో, లేదేమో. తను ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏదో ఒకటి చేసేవాణ్ణి.

జెండా కుర్రాడు గడియారం చూసుకుని, కాసేపు ఆగి, మళ్లీ చూసుకుని, జెండా దించాడు.

నేను తాడు దాటాను. ఆ ఎక్కుడు మీద బూట్లు జారుతుంటే చేతులు నేలకు ఆనించి ఎక్కాల్సి వచ్చింది. తను హ్యాండిల్ పట్టుకునే నిలబడి ఉంది. హెల్మెట్ లోపల కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఇప్పుడు పట్టుకోవచ్చు నాన్నగారూ," అంది.

ఇద్దరం బండిని మెల్లగా కిందికి దింపాం. నేను హ్యాండిల్, తను వెనక. సగం దిగాక వెనక నుంచి అంది. "మీరు మెకానిక్ అన్న షెడ్డుకి వెళ్లారట కదా."

"ఎవరు చెప్పారు?"

"అన్నే. మీరు వెళ్లిన మర్నాడు నేనూ వెళ్లాను. చిన్న బండి అడగడానికి."

మిగతా సగం దిగుతున్నాం. అప్పటికే నా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంది. ఆ శనివారం నిన్ను ఎక్కించి చూసి ఉండాల్సింది, అన్న మాట. బండి బరువు మీద పడుతున్నప్పుడు చెప్పడం కుదరదనుకున్నాను. కింద నేల చదునుగా ఉంది, అక్కడ చెబుదామనుకున్నాను.

కింద జెండా కుర్రాడు ఎదురొచ్చాడు. "అంకుల్, జెర తొందరగా తియ్యాలి. నెక్స్ట్ రేస్ వాళ్లు వస్తున్నారు."

అమ్మాయి పక్కకు జరిగి, "మీరు తీయండి నాన్నగారూ," అంది.

నేను ఎక్కాను. నా ఎత్తు ఆరడుగులకు కొంచెం తక్కువ. ఎడమ పాదం మడమతో సహా నేల మీద ఆనింది. లీవరు నొక్కి, పిస్టన్ దాటించి, వదిలి, తొక్కాను. స్టార్ట్ కాకూడదని ఒక్క క్షణం గట్టిగా కోరుకున్నాను. మొదటి తొక్కుకే స్టార్ట్ అయింది.

"అరే, ఫస్ట్ కిక్!" అన్నాడు జెండా కుర్రాడు. "అంకుల్, మీరొచ్చెయ్యండి టీమ్‌లోకి!"

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. మెకానిక్ నవ్వలేదు. అమ్మాయి కూడా కొంచెం నవ్వినట్టుంది. హెల్మెట్ పట్టీ తీసుకుంటోంది. కొక్కెం ఊడిరావడం లేదు. తల పక్కకు వంచి మళ్లీ లాగింది. మళ్లీ జారింది. నా రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి. తడిసిన ఇంజిన్ ఇంకా కుదురుకోలేదు, థ్రాటిల్ వదిలితే ఆగిపోతుంది. వెనక హారన్లు కొడుతున్నారు. నేను బండిని ముందుకు తీశాను.